మరమ్మతుకు ముందు పరీక్ష

మరమ్మతు అనే మాట మన కళాశాలలోని రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూల మీదుగా తెలుగునేలకు చేరి, ఇక్కడి మాటలలో ఒకటై కలిసిపోయినది. చెరువుగట్టు మరమ్మతు, బండి మరమ్మతు, ఇంటికప్పు మరమ్మతు అని పల్లెలోని వృద్ధులు సైతం అంటారే కాని, అది వేరొక భాషనుండి వచ్చిన మాట అన్న తలంపు వారికి కలుగదు. వస్తువు చెడినప్పుడు దానిని పారవేయక, చెడినచోటు ఏదో చూచి, అంతమేరకు బాగుచేసుకొనుట మన పెద్దల నడవడి. ఆ మాట మన నాలుకల మీద నేటికీ నిలిచి ఉన్నది. దాని వెనుకనున్న వివేకం నిలిచి ఉన్నదా అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చింపదలచిన విషయం.

చర్చకు ఆధారమైన సంఘటన చిన్నదే. ఈ విద్యాసంవత్సరంలో మన కళాశాల కెమెరా గ్రంథాలయంలోని బల్లమీదినుండి నేలమీద పడినది. శిథిలమవుతున్న పాత ఉర్దూ, తెలుగు సంచికల పుటలను ఫోటోలు తీసి భద్రపరచే పనిలో ఒక విద్యార్థిని నిమగ్నమై ఉండగా, బల్లమీద నిలిపిన ముక్కాలిపీట కాలు ఒకటి అంచునుండి జారినది. కెమెరాకు ముందుభాగాన ఉన్న కటకం, అనగా వాడుకలో మనం లెన్సు అనేది, మొదట నేలను తాకినది. ఆ మధ్యాహ్నమే అధ్యాపకుల గదిలో మూడు తీర్పులు వెలువడినవి. కటకం పోయినది కావున క్రొత్తది కొనవలెనని ఒకటి. ఆ ఖర్చును విద్యార్థిని వద్ద వసూలుచేసి, ఇకమీదట కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేయవలెనని రెండవది. బొమ్మ పడుతూనే ఉన్నది గదా, ఏమీ కాలేదు, ఊరకుండుడని మూడవది. ఈ మూడింటి నడుమ విరోధం ఎంత ఉన్నా, ఒక్క విషయంలో మాత్రం పొత్తు కుదిరినది. వాటిలో ఏ ఒక్కటీ కటకాన్ని పరీక్షించిన తరువాత చెప్పినది కాదు.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పివేస్తాను. పడిన కటకాన్ని బాగుచేయించవలెనా, మార్చవలెనా, ఉన్నదున్నట్లు వాడుకొనవలెనా అన్న ప్రశ్నకు రెండు విషయాలు తేలిన తరువాతనే సమాధానం లభిస్తుంది. చెడినది ఖచ్చితంగా ఏది అన్నది మొదటిది. ఆ కటకం మనకు చేసిపెట్టవలసిన పని ఏది అన్నది రెండవది. ఈ రెండూ తేలకముందు వెలువడే తీర్పు దానిచ్చేవారి స్వభావాన్ని తెలుపుతుందే తప్ప వస్తువు స్థితిని తెలుపదు. ఖర్చుకు వెనుదీయనివారు కొనుమంటారు, కోపం వచ్చినవారు జరిమానా అంటారు, తీరిక లేనివారు ఊరకుండుమంటారు.

పరీక్ష అవసరమెంతటిదో గ్రహింపవలెనన్న, కటకమంటే ఏమిటో కొంచెం తెలియవలెను. బయటికి ఒక్క గాజుబిళ్ళగా కనిపించినా, మన కెమెరాకున్నటువంటి సామాన్యమైన జూమ్ కటకంలో పదికి పైగా గాజుబిళ్ళలు ఉంటాయి. కొన్ని కుంభాకారాలు, కొన్ని పుటాకారాలు. అవి చిన్న చిన్న గుంపులుగా ప్లాస్టిక్కు గొట్టాలలో అమర్చబడి, మనం వలయాన్ని త్రిప్పినప్పుడు ముందుకూ వెనుకకూ జరుగుతూ ఉంటాయి. అన్ని బిళ్ళల కేంద్రాలూ ఒకే సరళరేఖమీద ఉండవలెను. కటకం కెమెరాకు తగిలే చోటినుండి లోపలి గ్రాహకఫలకం వరకు గల దూరం కూడా నిర్ణీతమైనది. నికాన్ ఎఫ్ అమరికలో అది 46.5 మి.మీ., కానన్ ఈఎఫ్ అమరికలో 44 మి.మీ. ఈ కొలతలలో లోపం ఎంతవరకు సహ్యమో లెక్కవేసి చూడవచ్చును. ఎపర్చరు, అనగా వెలుతురు ప్రవేశించే ద్వారం, ఎఫ్ 4 అనే అంకెవద్ద ఉన్నదనుకొందము. ఒక బిందువు 0.02 మి.మీ. మించి మసకవలయంగా వ్యాపించరాదని కోరుకొన్నచో, ఫలకం ఉండవలసిన చోటినుండి అటు గాని ఇటు గాని 0.08 మి.మీ. మించి తొలగరాదు. మనం వ్రాసుకొనే కాగితం మందం సుమారు 0.1 మి.మీ. కాగితం మందమంతటి వంపు ఏర్పడినను చిత్రంలో ఒక ప్రక్క మసకబారుతుందన్నమాట. పగులు లేదు, గీత లేదు, కావున దోషం లేదనే వాదం ఇక్కడ నిలువదు. అట్లే, పడినది గనుక పనికిరాదనే వాదమూ నిలువదు. రెండింటికీ కంటిచూపు చాలదు.

పడిన కటకానికి కలిగే హానిని నాలుగు విధాలుగా విభజింపవచ్చును. మొదటిది పైపై దెబ్బ. ముందరి వలయం సొట్టపడుట, దానిమీద బిగించిన రక్షక ఫిల్టరు పగిలి అందులోనే ఇరుక్కొనిపోవుట ఇందులోనివి. పగిలినది ఫిల్టరేనని గుర్తింపక, కటకమే పగిలినదని గుండెలు బాదుకొనేవారు ఉన్నారు. రెండవది గాజుకు తగిలే దెబ్బ. ముందరి గాజుమీద పడిన చిన్న గీత చిత్రాన్ని చెరచేది చాల తక్కువ. ఎదురు వెలుతురు ఉన్నప్పుడు మాత్రమే అది కొంత తెల్లని పొరను కలిగిస్తుంది. వెనుకగాజుమీది గీత అంతకంటె హానికరం. మూడవది అమరికకు తగిలే దెబ్బ. బిళ్ళల గుంపు ఒకటి ఒరిగిపోవుటో, కెమెరాకు తగిలే వెనుక పలక వంగుటో జరుగుతుంది. కంటికి కనబడని దెబ్బ ఇదే, చిత్రాన్ని ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. నాలుగవది విద్యుత్తు భాగాలకు తగిలే దెబ్బ. ఫోకసు మోటారు, లోపలి సన్నని తీగపట్టీ, కెమెరాతో మాట్లాడే లోహపు చుక్కలు ఇందులోనివి. ఈ నాలుగింటికీ చికిత్సలు వేరు, ఖర్చులు వేరు. నాలుగింటినీ కలిపి లెన్సు పోయినదని ఒక్కమాటలో తేల్చుట, రోగికి జ్వరమో ఎముక విరుగుటో చూడక మందు వ్రాయుట వంటిది.

పడిన వెంటనే చేయరాని పనులు కొన్ని ఉన్నవి. విద్యార్థులు వీటిని తప్పక గుర్తుంచుకొనవలెను. ఇరుక్కొన్న వలయాన్ని బలవంతంగా త్రిప్పరాదు. ఫిల్టరు పగిలినచో కటకాన్ని నేలవైపుకు వంచి పట్టుకొని, రబ్బరు బుడ్డితో గాలి ఊది గాజుపొడిని రాల్చవలెనే కాని గుడ్డతో తుడువరాదు. ఆ పొడియే తక్కిన గాజును గీరుతుంది. అన్నిటికంటె ముఖ్యం, కెమెరాను విప్పే సాహసం చేయరాదు. ఫ్లాష్ గల కెమెరాలలో దానికి కావలసిన విద్యుత్తును నిలువచేసే కెపాసిటరు ఒకటి ఉంటుంది. అందులో సుమారు 300 వోల్టుల వరకు ఉండవచ్చును. బ్యాటరీ తీసిన తరువాత కూడా అది వెంటనే ఖాళీ కాదు. కటకంలో ఆ ప్రమాదం లేకున్నను, జపాను కొలతలతో చేసిన దాని చిన్న మరలకు మన బజారు స్క్రూడ్రైవరు సరిగా అతుకదు. మర తల అరిగిపోయిన తరువాత నేర్పరియైన పనివానికి సైతం అది చిక్కు తెచ్చిపెడుతుంది.

ఇక చేయవలసిన పరీక్ష. దీనికి కావలసినవి ఒక గోడ, రెండు వార్తాపత్రికలు, ఒక చిన్న అద్దం, ఒక ముక్కాలిపీట. పత్రికలను విప్పి గోడమీద ముడుతలు లేకుండ అతికించవలెను. మేము ఒక ప్రక్క ఉర్దూ పత్రికను, రెండవ ప్రక్క తెలుగు పత్రికను అతికించినాము. కెమెరా గోడకు సూటిగా చూస్తున్నదో లేదో తెలిసికొనుటకు, నడిమిభాగాన గోడకు ఆనించి అద్దాన్ని నిలుపవలెను. కెమెరాకు తన కటకపు ప్రతిబింబం చిత్రంలో సరిగా నట్టనడుమ కనబడినచో అది సూటిగా ఉన్నట్లే. తరువాత అద్దం తీసివేసి, ఎపర్చరును పూర్తిగా తెరచి, కదలికను సవరించే ఏర్పాటును ఆపివేసి, చేతితోనే ఫోకసు సరిచూచుకొని, చేయి తగులకుండ టైమరుతో ఫోటో తీయవలెను. ఎపర్చరును ఎఫ్ 8కు తగ్గించి మరియొకటి తీయవలెను. నాలుగు మూలలనూ పెద్దవిగా చేసి పోల్చవలెను.

ఇంతటితో పరీక్ష ముగిసినదనుకొనరాదు. ఒక ప్రక్క మసక కనబడినచో, అది మన అమరికలోని లోపమో, పరికరంలోని లోపమో తేల్చవలెను. అందుకు కెమెరాను తలక్రిందులుగా త్రిప్పి, అద్దంతో మరల సరిచూచుకొని, మరల ఫోటో తీయవలెను. చిత్రంలో మసక మునుపటి ప్రక్కనే నిలిచినచో దోషం పరికరానిది. గోడమీది అదే కాగితాన్ని అంటిపెట్టుకొని చిత్రంలో రెండవ ప్రక్కకు మారినచో దోషం మన అమరికది. దోషం పరికరానిదేనని తేలినప్పుడు, అది కెమెరాదా కటకానిదా అన్న ప్రశ్న మిగులుతుంది. అదే కెమెరాకు వేరొక కటకాన్ని తగిలించి చూచినచో అదీ తేలిపోతుంది. చివరగా, యంత్రం తనంత తాను ఫోకసు చేసినప్పుడు మసక, చేతితో చేసినప్పుడు స్పష్టత కనబడినచో గాజు అమరిక బాగున్నదని, చెడినది ఫోకసు యంత్రాంగమని గ్రహింపవలెను.

పత్రికలనే ఎంచుకొనుటకు కారణం చౌక యొక్కటే కాదు. మన రెండు లిపులు కటకానికి కఠినమైన పరీక్షలు. ఉర్దూలో ఒక్క నుఖ్తా స్థానం మారితే ‘ఖుదా’ అన్న మాట ‘జుదా’ అవుతుంది. బే, పే, తే అక్షరాలు చుక్కల సంఖ్యతోను, వాటి స్థానంతోను మాత్రమే వేరవుతాయి. తెలుగులో ‘ధ’ కడుపులో చుక్క కనబడకపోతే ‘థ’ అన్నది తెలియదు. చిత్రం అంచున ఈ చుక్కలు కరిగిపోతే, మన గ్రంథాలయంలోని పాత పుటల నకళ్ళను రేపు చదువబోయేవారు తప్పుగా చదువుతారు. అప్పటికి మూలప్రతి పొడియై ఉండవచ్చును. కాబట్టి బొమ్మ పడుతూనే ఉన్నది గదా అన్న మూడవ తీర్పు మూడింటిలోను నిరపాయకరంగా కనిపించినా, మన పనికి అదే మిక్కిలి అపాయకరమైనది.

మన కటకాన్ని ఇట్లు పరీక్షించగా తేలినది ఇది. ముందరి వలయం సొట్టపడినది. జూమ్ వలయం నడుమ ఒకచోట పట్టివేస్తున్నది. ఎపర్చరు పూర్తిగా తెరచినప్పుడు చిత్రంలో కుడిప్రక్క మసక కనబడుతున్నది. కెమెరాను తలక్రిందులు చేసినను అది కుడిప్రక్కనే నిలిచినది. ఎఫ్ 8 వద్ద చాలవరకు తగ్గినది కాని, మూలలలోని నుఖ్తాలు పూర్తిగా విడివడలేదు. ఊరిలోని ఒక స్టూడియో వారినుండి అరువు తెచ్చిన 50 మి.మీ. కటకాన్ని తగిలించగా నాలుగు మూలలూ స్పష్టంగా వచ్చినవి. కావున కెమెరా క్షేమం. గాజులు క్షేమం. ఫోకసు మోటారు క్షేమం. చెడినది ముందరి వలయం, ఒరిగినది లోపలి బిళ్ళల గుంపు ఒకటి. అధ్యాపకుల గదిలో కెమెరా పోయినదన్న వార్తకూ, ఈ ఫలితానికీ ఎంత అంతరమున్నదో పాఠకులే గ్రహింపగలరు.

మొదటి ప్రశ్న తేలినది. రెండవది, ఈ కటకం చేయవలసిన పని. మన కెమెరాకు ప్రధానంగా రెండు పనులున్నవి. వార్షికోత్సవాలు, సభలు, సేవాశిబిరాల ఫోటోలు తీయుట ఒకటి. పాత పుటలకు నకళ్ళు తీయుట రెండవది. సభల ఫోటోలలో ముఖాలు సాధారణంగా నడిమిభాగాన ఉంటాయి, అంచున తెరయో గోడయో ఉంటుంది. కుడి అంచున కొంచెం మసక ఉన్నంతమాత్రాన ఆ చిత్రానికి లోటు రాదు. పుట నకలుకు మాత్రం నడిమిభాగమెంతో అంచూ అంతే. ఒకే కటకం ఒక పనికి నిరపాయంగా సరిపోతూ, మరొక పనికి ఏమాత్రం పనికిరాకపోతున్నది. ఇది గ్రహించినంతనే తీర్పు దానంతట అదే సులభమవుతుంది.

కమిటీ పెద్దలకు నా సూచన ఈ విధంగా ఉన్నది. సొట్టపడిన వలయాన్ని సరిచేయించుట స్వల్పమైన పని, అది వెంటనే చేయించవచ్చును. ఒరిగిన బిళ్ళల గుంపును తిరిగి సరళరేఖకు తెచ్చుట అట్టిది కాదు. దానికి తగిన పరికరం, నేర్పు, కాలం కావలెను. ఇటువంటి చౌకరకపు జూమ్ కటకాలకు ఆ కూలి, అదే రకపు వాడిన కటకం ధరను మించిపోవుట సామాన్యం. కావున వ్రాతపూర్వకమైన అంచనా తెప్పించి, అది మంచిస్థితిలోనున్న వాడిన కటకం ధరలో సగానికి లోబడినచోనే ఆ మరమ్మతు చేయించవలెను. లోబడనిచో, దీనిని సభల ఫోటోలకు ఉంచుకొని, పుటల నకళ్ళకు 50 మి.మీ. స్థిరకటకం ఒకటి కొనుట ఉత్తమం. ఎఫ్ 1.8 ద్వారం గల ఆ రకపు సామాన్య కటకాలలో కొన్నింటిలో ఆరు బిళ్ళలే ఉంటాయి. జూమ్ లేనందున జరిగే భాగాలు తక్కువ, సరళరేఖలను వంచుట కూడా తక్కువ. పుటలకు అది మునుపటి కటకం కంటె కూడా తగినది. పడినది వేలకువేలు వెచ్చించి కొన్న పెద్ద కటకమే అయినచో నా సూచన దీనికి విరుద్ధంగా ఉండేది. అప్పుడు అమరికను సరిచేయించుటకే ఖర్చు పెట్టవలసి ఉండేది. పడిన తీరు ఒకటే అయినను, వస్తువును బట్టి, పనిని బట్టి తీర్పు మారుతుంది.

ఎవరిచేత చేయించవలెను అన్నది తరువాతి ప్రశ్న. కంపెనీ సేవాకేంద్రంలో అసలైన విడిభాగాలు, కొలత పరికరాలు ఉంటాయి. అయితే చిన్న భాగం చెడినప్పుడు కూడా పెద్ద కూర్పునే మార్చి అంతటికీ వెల కట్టుట అక్కడ కద్దు. గ్యారంటీ ఉన్నదని ఆశపడుట వృథా. తయారీలోని లోపాలకే అది వర్తిస్తుంది, పడినవాటికి సాధారణంగా వర్తించదు. బజారులోని స్వతంత్ర పనివాడు, మన ఉర్దూలో ఉస్తాద్ అని గౌరవంతో పిలిచేవాడు, చెడిన ఒక కటకంలోని మంచిభాగాన్ని మరొకదానికి అమర్చి చౌకగా బాగుచేయగలడు. సొట్టలు తీయుట, తీగపట్టీలు మార్చుట వంటి పనులలో అతని చేయి మేలు. బిళ్ళల అమరిక విషయంలో మాత్రం, సరిచేసిన తరువాత దేనితో సరిచూస్తావని అతనిని అడుగవలెను. ఎక్కడ ఇచ్చినను మూడు నియమాలు తప్పరాదు. అంచనా వ్రాతలో ఉండవలెను. మార్చిన పాతభాగాన్ని తిరిగి ఇవ్వవలెను. తెచ్చుకొన్న నాడే, అదే గోడమీద, అవే పత్రికలతో మరల పరీక్షించి చూచుకొనవలెను.

మరమ్మతు వినియోగదారుని హక్కు అన్న భావన నేడు ప్రభుత్వాలకూ కలిగినది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఇందుకై ఒక సంఘాన్ని నియమించినది. అదే సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవంనాడు, మరమ్మతు హక్కుకు సంబంధించిన సమాచారాన్ని ఒకచోట చేర్చే ఏర్పాటును ప్రారంభించినది. హక్కు ఇచ్చుటకు ప్రభుత్వం ముందుకు వచ్చినను, దానిని వాడుకొనే ఓపిక మనకు లేనప్పుడు ఆ హక్కు వలన లాభం లేదు.

దోషాన్ని కొలిచి, అంతమేరకే సరిదిద్దుట వలన ఎంతటి కార్యం సాధ్యమో తెలుపుటకు శాస్త్రచరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. అక్కడ చెడినది పడిపోయిన కటకం కాదు, తప్పుగా అరగదీసిన అద్దం. 1990 ఏప్రిల్ 24న అమెరికా ఆకాశంలోనికి పంపిన హబుల్ దూరదర్శిని నుండి వచ్చిన మొదటి చిత్రాలు మసకగా ఉన్నవి. 2.4 మీటర్ల దాని అద్దం అంచు సుమారు 2.2 మైక్రానులు ఎక్కువ చదునుగా తయారైనది. తలవెంట్రుక మందంలో అది సుమారు యాభయ్యవ వంతు. కారణం వెదుకగా, అద్దాన్ని పరీక్షించిన పరికరంలోనే ఒక కటకం ఉండవలసిన దూరంలో కాక 1.3 మి.మీ. తేడాతో అమర్చబడినదని తెలిసినది. అంతకంటె విచారకరమైన సంగతి, తయారీ కాలంలోనే వేరే పరీక్షలు దోషాన్ని సూచించగా, వాటిని నమ్మక త్రోసివేసినారు. ఒకే పరీక్షను నమ్మరాదని, కెమెరాను తలక్రిందులు చేసి మరల చూడవలెనని నేను పైన చెప్పినది ఇందుకే. దోషం ఎంతో ఖచ్చితంగా తెలిసిన తరువాత, అద్దాన్ని మార్చవలసిన అవసరమే కలుగలేదు. 1993 డిసెంబరులో వ్యోమగాములు అక్కడికి వెళ్ళి, ఆ దోషానికి సరిగా ఎదురైన వంపుగల చిన్న అద్దాల కూర్పును, సవరించిన క్రొత్త కెమెరాను అమర్చి వచ్చినారు. పనికిరాదని కొందరు పరిహసించిన ఆ దూరదర్శిని ఆ తరువాత దశాబ్దాల తరబడి పనిచేసినది.

ఈ దృష్టి మనకు పరాయిది కాదు. సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్ తన ‘కితాబ్ అల్ మనాజిర్’లో, కంటినుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న పూర్వుల మాటను త్రోసిపుచ్చి, వెలుతురే వస్తువునుండి కంటికి వస్తుందని వాదించినాడు. మాట పెద్దలదని ఊరకుండక, ప్రయోగాలతో నిరూపించబూనినాడు. సుమారు మూడు శతాబ్దాల తరువాత కమాలుద్దీన్ ఫారిసీ అదే గ్రంథాన్ని చేపట్టి, దానిని పారవేయక, ఉన్నదున్నట్లు నమ్మక, పరిశీలించి సవరించినాడు. నీటితో నింపిన గాజుగోళంతో ఇంద్రధనుస్సును వివరించినాడు. తన గ్రంథానికి అతడు పెట్టిన పేరులోని ‘తన్‌ఖీహ్’ అన్న మాటకు సవరణ అని అర్థం. గ్రంథం విషయంలోనైనను, కటకం విషయంలోనైనను పద్ధతి ఒక్కటే.

ఇక విద్యార్థిని విషయం. వస్తువును పరీక్షించినట్లే సంఘటనను కూడా పరీక్షింపవలెను గదా. ముక్కాలిపీట బల్ల అంచున ఉన్నది. అంతటి పీటను నిలుపదగినంత వెడల్పు ఆ బల్లకు లేదు. కెమెరాను కట్టి ఉంచుటకు పట్టీ లేదు. ఆమె ఆ పనిని తన తీరికవేళలో, గ్రంథాలయం కొరకు చేస్తున్నది. దీనిని నిర్లక్ష్యమనుట న్యాయం కాదు. జరిమానా విధించినచో కటకపు ధర వసూలు కావచ్చును కాని, రేపటినుండి ఏ పేదవిద్యార్థీ కళాశాల పరికరాన్ని తాకుటకు సాహసింపడు. స్కాలర్‌షిప్‌తో చదివే పిల్లలు అధికంగా ఉన్న మనవంటి కళాశాలలో ఈ నష్టం కటకపు నష్టం కంటె ఎన్నో రెట్లు పెద్దది. ఇంటిలో కెమెరా ఉన్నవాడు ఇంటిలోనే నేర్చుకొంటాడు. లేనివానికి కళాశాల బల్ల ఒక్కటే దిక్కు.

క్రమశిక్షణ సడలిపోతుందని కొందరు మిత్రులు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. వస్తువును ఆటవస్తువుగా వాడి పాడుచేసినవారిని మందలింపవలసినదే, అవసరమైనచో నష్టం కట్టించుకొనవలసినదే. అయితే అది విచారణ తరువాత జరుగవలెను. పడినది అనగానే పడవేసినారు అని అనుట, మసక అనగానే పగిలినది అని అనుట వంటిదే. పోతే, బీరువాలో తాళం వేసి ఉంచుట రక్షణ అనుకొనేవారికి ఒక్క మాట. గాలి ఆడని చెమ్మ బీరువాలో నెలల తరబడి మూసిపెట్టిన కటకానికి లోపల బూజు పడుతుంది. అది గాజుమీది పూతను తినివేస్తుంది. పడిన కటకానికి ఒక ప్రక్కనే మసక ఏర్పడినది. బూజు ముదిరిన కటకానికి చిత్రమంతటా మసకయే. వాడకపోవుట కూడా ఒక విధమైన పాడుచేయుటయే.

కావున కళాశాల కమిటీ వారికి నా మనవి నాలుగు మాటలలో చెప్పి ముగిస్తాను. పరికరాల కొనుగోలుకు కేటాయించే మొత్తంతోపాటు, వాటి మరమ్మతుకు ప్రతి సంవత్సరం కొంత సొమ్మును వేరుగా కేటాయింపవలెను. ప్రతి పరికరానికి ఒక పుస్తకం తెరచి, ఎప్పుడు ఏమి జరిగినది, ఏ పరీక్ష చేసినారు, ఏమి బాగుచేసినారు అన్నది వ్రాయించవలెను. గ్రంథాలయానికి వెడల్పైన బల్ల ఒకటి, కెమెరాకు పట్టీ ఒకటి సమకూర్చవలెను. విద్యార్థినిపై జరిమానా ప్రతిపాదనను విరమించి, ఆ పనిని ఆమెచేతనే కొనసాగింపజేయవలెను.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. వచ్చే కమిటీ సమావేశంలో ఏ వాదమూ చేయకముందు, గోడమీది పత్రికలకు తీసిన నాలుగు ఫోటోలను పెద్దవిగా అచ్చువేయించి సభ్యుల ఎదుట బల్లమీద పెట్టండి. ఉర్దూ చదివేవారు నుఖ్తాలను, తెలుగు చదివేవారు ఒత్తులను స్వయంగా చూచుకొంటారు. ఆ తరువాత ఖర్చు సంగతి మాట్లాడవచ్చును.